చారల ముంగిసలకు పురుటి గదులు

నిన్న రియాద్‌లో, మలాజ్ సందులో, మంగలి కుర్చీలోంచి సగం గడ్డంతో లేచి నిలబడ్డాను. మంగలిది పెషావర్. కత్తి గాల్లో పట్టుకుని, ఎక్కడ తెగిందో అని నా మెడంతా వెతుక్కున్నాడు పాపం. నాకేమీ తెగలేదు. ఎదురుగా గోడ మీది టీవీలో ఆఫ్రికా అడవి, ఆ అడవిలో ఎర్రమట్టి మీద చారల ముంగిసలు. ఒకటి కాదు రెండు కాదు, ముప్పై దాకా ఉన్నాయి. ఒకదాన్నొకటి రాసుకుంటూ, కువకువలాడుకుంటూ, సంతకు పోయే జనంలా పోతున్నాయి. నేను చెయ్యి చాపి, హమారే లోగ్, హమారే లోగ్, మావాళ్లే అని కేకలు పెడుతున్నాను. షాపులో ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. నవ్వితే నవ్వారు. ఆ జాతి ముంగిసల దెబ్బకు కంచె ఎక్కినవాణ్ణి నేను. అంతకన్నా ముఖ్యం, వాటిని ఎట్లా చూడాలో నాకు నేర్పిన మనిషిని ఈ జన్మకు మరిచిపోలేను.

ఆ మనిషి రాయచోటి దగ్గరి పల్లె నుంచి సౌదీ తూర్పు తీరంలోని ఖతీఫ్‌కు వచ్చిన ఆడమనిషి. పేరు రాయను. రాస్తే, నా పేరుతో నీకేం పని అబ్బీ అని అక్కడి నుంచే కసురుతుంది. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను అబ్బీ అనేది. మా ఇద్దరికీ కఫీల్ ఒక్కడే, అంటే మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని. ఖతీఫ్ అంచున ఆయనకు ఖర్జూరపు తోట ఉండేది. తోటలోని ఇంట్లో ఆయన ముసలి తల్లి. ఆ తల్లికి వండిపెట్టడం, కాళ్లు పట్టడం, వేళకు మందులివ్వడం అక్క పని. నాది నిర్మల్ జిల్లా. మోటార్లు, పైపులు, కరెంటు, కంచెలు, తోటలో ఏది చెడిపోతే అది నా పని.

కఫీల్‌కు జంతువుల పిచ్చి. జింకలున్నాయి, నెమళ్లున్నాయి. ఒకరోజు లారీలో పెద్ద పెద్ద బోనులు దిగాయి. లోపల చారల ముంగిసలు. బూడిద రంగు ఒళ్లు, నడుము నుంచి తోక దాకా అడ్డంగా నల్ల పట్టీలు, చీరకు వరసగా అంచులు కుట్టినట్టు. కఫీల్ మా ఇద్దర్నీ పిలిపించి, మీ హిందీలకు ముంగిసలు తెలుసు కదా అన్నాడు. హిందీలంటే ఇండియావాళ్లు. నేను వెనకాముందూ చూడకుండా, వాటి మధ్యే పుట్టి పెరిగానని చెప్పాను. నిజానికి చిన్నప్పుడు పొలం గట్టు దాటే ముంగిసను రెండుసార్లు చూశాను, అంతే. అక్క నాకంటే ఘనురాలు. మా పక్క ముంగిస ఎదురొస్తే పోయిన పని అవుతుందనీ, వాటి సంగతి తనకు అంతా తెలుసనీ నాచేత అరబ్బీలో చెప్పించింది. అట్లా ఆ పూటే మేమిద్దరం ముంగిసల పండితులమైపోయాం.

తెలిసింది ఏమిటయ్యా అంటే, మాకు ఏమీ తెలియదని. మన ముంగిస ఒంటిది. దాని దారి దానిది, దాని వేట దానిది. ఇవి అట్లా కాదు. వీటికి ఒంటరితనం అంటే ఏమిటో తెలియదు. పడుకుంటే ఒకదాని మీద ఒకటి కుప్పగా పడుకుంటాయి, లేస్తే అన్నీ ఒకేసారి లేస్తాయి. పొద్దున్నే మేతకు బయల్దేరితే కంచె లోపలి నేలంతా దువ్వెనతో దువ్వినట్టు దువ్వుతాయి, కాళ్లతో తవ్వుతూ, ముక్కుతో వాసన చూస్తూ. అంతసేపూ కుయ్ కుయ్ అని ఒకటే మాటలు. ఒక్క క్షణం నోరు మూయవు. కంపు కొట్టే నల్ల పురుగు దొరికితే తినే ముందు దాన్ని ముంగాళ్లతో నేలకేసి దొర్లించి దొర్లించి, కంపు పోయాక నోట్లో వేసుకుంటాయి. నేను వాటి కోసం వేసిన సిమెంటు పైపుల్లో ఒకదాంట్లో రెండు రోజులుంటే మూడోరోజు ఇంకోదాంట్లోకి సంసారం మార్చేస్తాయి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టని అక్క తిట్టేది. అడవిలో చెదల పుట్టల్లో కూడా ఇట్లాగే మకాం మారుస్తాయని నిన్న టీవీలో చూశాను. అవి అట్లాంటివని అప్పుడు మాకెట్లా తెలుస్తుంది?

అన్నిట్లోకి వింత కోడిగుడ్డు. అక్క వంటింట్లోంచి మొదటిసారి గుడ్లు తెచ్చి లోపల పెట్టింది. ఒక ముంగిస గుడ్డు దగ్గరికి పోయి, వాసన చూసి, గుడ్డుకు వీపు తిప్పి నిలబడింది. ముంగాళ్లతో గుడ్డును ఎత్తి, వెనకాళ్ల సందులోంచి వెనక్కి విసిరి బండకేసి కొట్టింది. ఠప్! పగిలింది. నేను నేల మీద పడి దొర్లి నవ్వాను, ఒట్టు. అక్క నవ్వలేదు. మా అత్త కూడా ఇట్లనే, ఇచ్చేదేదైనా మొగం అటు తిప్పుకొనే ఇసురుతాది అని, ఆ ముంగిసకు పెద్దత్త అని పేరు పెట్టింది.

అట్లా అన్నిటికీ వరసలు కలిపింది. పెద్దత్త, చిన్నాయన, మేనమామ, మరదలు. నాకు అన్నీ ఒకేలా కనిపించేవి, ఆమె మాత్రం ఒక్కసారి కూడా పొరబడేది కాదు. ఎన్ని ఉన్నాయని అడిగితే మాత్రం చచ్చినా అంకె చెప్పేది కాదు. ప్రాణమున్న వాటిని లెక్కపెడితే దిష్టి తగులుతుందట. కఫీల్ అడిగినా ఒకటే జవాబు, బుట్టెడు ఉన్నాయి. ముసలమ్మ కునుకు తీసే వేళ, పైన తొడుక్కునే నల్ల అబాయా అంచు పైకి చెక్కుకుని వచ్చి, కంచె పక్కన నీళ్ల డబ్బా బోర్లించుకుని కూర్చునేది. వాటితో రాయచోటి మాటలే. అవి కుయ్ అంటే ఈమె ఊ అనేది. ఏమంటున్నాయి అక్కా అని నేను ఎగతాళి చేస్తే, నీ గురించే, పనిదొంగ వచ్చినాడు అంటాండాయి అనేది. గట్టి సంగతి ఏదైనా చెప్పబోయే ముందు మాత్రం రెండు అరచేతులూ అబాయాకు తుడుచుకునేది. అట్లా తుడుచుకుందంటే నేను చేతిలో పని ఆపేసేవాణ్ణి.

ఒక రోజు అట్లాగే తుడుచుకుని చెప్పింది, నాలుగు ఆడవి కడుపుతో ఉన్నాయని. కఫీల్ సంబరం చెప్పనలవి కాదు. జంతువుల డాక్టరు ఈజిప్టువాడు, అప్పుడు సెలవు మీద ఊరికి పోయాడు. ఏం చేయాలో మీరే చెప్పండి, మీకు తెలుసు కదా అన్నాడు కఫీల్. అక్కకు అప్పటికే ఒక కోపం ఉంది. నలుగురు కడుపుతో ఉన్న ఆడవాళ్లు మగాళ్లందరి మధ్య ఒక్క పైపులో పడుకోవడమేంటి, సిగ్గు లేదా? వాళ్ల ఊళ్లో కానుపు అంటే విడిగా గది ఉండాలి, గడపకు వేపరెమ్మ ఉండాలి, పదకొండు రోజులు ఎవరూ ముట్టుకోకూడదు. మా ఊళ్లోనూ అంతే. నాకూ సబబే అనిపించింది. ప్లైవుడ్ పలకలు కోసి నాలుగు పెట్టెలు చేశాను, గాలికి చిల్లులు పెట్టాను, లోపల గోనెసంచులు పరిచాను. పని నున్నగా కుదిరిందని మురిసిపోయాను కూడా. అక్క తోట చివర వేపచెట్టు నుంచి రెమ్మలు తెచ్చి నాలుగు పెట్టెలకూ కట్టింది. ఒక్కొక్కదాన్ని ఒక్కో గదిలో పెట్టి తలుపులు వేశాం.

ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. లోపలున్నవి నాలుగూ ఏడుస్తాయి, బయట ఉన్నవి పెట్టెల చుట్టూ తిరిగి పలకలు కొరుకుతాయి. కొత్త చోటు కదా, సర్దుకుంటాయి అనుకున్నాం. ఒక్కోటి ఒక్కో రోజు ఈనింది. తల్లులు పిల్లల దిక్కు చూడలేదు, పాలివ్వలేదు, తలుపు గీకుతూనే ఉన్నాయి. వారం తిరక్కుండా ఒక్క పిల్ల మిగల్లేదు. సెలవు నుంచి వచ్చిన డాక్టరు ఏదో రోగం తగిలి ఉంటుందన్నాడు. అక్క నా మొహం చూసింది, నేను అక్క మొహం చూశాను. కఫీల్ వెళ్లిపోయాక నేను నోరు తెరవబోతే ఆపింది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది. నోరు మూసుకో అబ్బీ."

నోరు మూసుకున్నాం. ఆ తర్వాత చాలా రోజులు ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. డబ్బా మీద కూర్చునేది, చూసేది, పోయేది. ఊరికే చూడటం కాదు అది. ఎవరు ఎవరి ఒళ్లు నాకుతున్నారు, ఎవరు ఎవరి వెనక పోతున్నారు, కాకి అరిస్తే ఎవరు ముందు నిక్కి చూస్తున్నారు, అన్నీ కనిపెట్టేది. మేం పండితులమని కోసిన కోతలన్నీ ఆ రోజుల్లో దిగిపోయాయి. మొదటిసారి నిజంగా నేర్చుకోవడం మొదలుపెట్టింది.

మళ్లీ కడుపులు కనిపించాయి. ఈసారి కఫీల్ ముందే చెప్పేశాడు. ఇవి కూడా బతక్కపోతే ఇక పెంచడం దండగ, అడిగినవాళ్లకు జతలు జతలుగా ఇచ్చేస్తానన్నాడు. జతలు అన్న మాట వినగానే అక్క మొహం పాలిపోయింది. నేను పలకలు బాగుచేయనా అని అడగడానికి పోయాను, బుద్ధిలేనివాణ్ణి. పలక ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడతా అంది.

వాటిని వాటి మానాన వదిలేసింది. అన్నీ ఒకే పైపులో. ఒక తెల్లవారి నేను పంపు దగ్గర ఉంటే అబాయా ఎత్తిపట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. అంత లావు మనిషి అంత వేగంగా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నలుగురికీ ఒకేసారి అయ్యింది అబ్బీ, ఒకే రాత్రి అని రొప్పుతూ చెప్పింది. ముందురోజు సాయంత్రం నాలుగు కడుపులు, పొద్దుటికి నాలుగూ దిగిపోయాయి. మాట్లాడుకుని, ముహూర్తం పెట్టుకుని ఈనినట్టు! అవి చేసే పనే అది. అడవిలోనూ అంతేనట.

ఇక ఆ నెల రోజులు మాకు పండగ. పెద్దవన్నీ మేతకు పోతే రెండు మూడు మాత్రం పైపు మూతి దగ్గర కాపలా ఉండేవి. తల్లులు కాదు, ఎక్కువగా మగవే. మేనమామ అయితే పొద్దంతా ఒక్క పురుగు ముట్టకుండా కాపలా కాసేవాడు. వాడు చిక్కిపోతున్నాడని అక్క విడిగా గుడ్డు తెచ్చి పెట్టేది. పిల్లలు బయటికొచ్చిన రోజు మేమిద్దరం కంచెకు కళ్లప్పగించి నిలబడ్డాం. తడబడుతూ, పడుతూ లేస్తూ, బుల్లి బుల్లి చారలతో వచ్చాయి. ఒక పిల్ల పెద్దత్త దగ్గర పాలు తాగింది, అక్కడి నుంచి లేచిపోయి మరదలి దగ్గర తాగింది. ఎవరూ తరమలేదు. తర్వాత ఇంకో చోద్యం. ఒక్కో పిల్ల ఒక్కో పెద్దదాన్ని ఎంచుకుని దాని వెంటపడింది. ఆ పెద్దది పురుగు తవ్వి ఆ పిల్లకే పెడుతుంది. ఇంకో పిల్ల దగ్గరికి వస్తే ఈ పిల్ల చిందులు తొక్కి తరుముతుంది, ఈయన నావాడు అన్నట్టు. ఆ పెద్దది దాని తల్లో తండ్రో కానక్కర్లేదు.

నేను ఎగిరి గంతులేస్తున్నాను. పక్కకు చూస్తే అక్క ఏడుస్తోంది. ఏమైందని అడిగితే చేతులు తుడుచుకుంది. ఆమెకు కూతురు పుట్టినప్పుడు జ్వరం వచ్చి పాలు ఎండిపోయాయట. అదే నెలలో తన తోడికోడలికి కూడా కానుపయ్యింది. ఆమె ఇద్దర్నీ చెరో రొమ్ముకు వేసుకుని సాకింది. ఆ కూతురు ఇప్పుడు కడపలో నర్సింగ్ చదువుతోంది, అక్క ఈ దేశం వచ్చిందీ ఆ చదువు కోసమే.

"నా బిడ్డ ఇంకోరి పాలు తాగి బతికింది అబ్బీ. అది తెలిసి కూడా నేను గదులు కట్టిస్తినే. నా చేత్తో తలుపులు ఏస్తినే."

ఊకో అక్కా, నీకెట్ల ఎర్క అన్నాను. ఆమె ఊరుకోలేదు.

పిల్లలు బతికాయి కదా, కథ అయిపోయింది అనుకున్నాం. కాలేదు. కఫీల్ స్నేహితుడొకాయన పక్క పట్నం దమ్మామ్ నుంచి భోజనానికి వచ్చాడు. ముంగిసల్ని చూసి మాషా అల్లా అని ముచ్చటపడి, ఒక జంటా, కంచె దగ్గర ఆడుతున్న రెండు పిల్లలూ తన తోటకు బాగుంటాయన్నాడు. ఇంటికొచ్చిన అతిథి నోరు తెరిచి అడిగితే లేదనడం వాళ్లకు తలవంపు. కఫీల్ వెంటనే తీసుకో అని, నన్ను వల పట్టుకుని లోపలికి పొమ్మన్నాడు. అక్క ముసలమ్మ కోసం ఖర్జూరాలు ఏరుతూ అక్కడే ఉంది. చేతిలో పళ్లెం కింద పెట్టేసింది.

వల ఎత్తుకుని లోపలికి పోయాను. ముంగిసలే కదా, పారిపోతాయి, మూలకు తరిమి పట్టేద్దాం అనుకున్నాను. ఒక్కటంటే ఒక్కటి పారిపోలేదు. పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, పెద్దవన్నీ పక్కకు పక్క అతుక్కుని ఒకే పెద్ద జంతువైపోయాయి. ఆ జంతువు నా మీదికి నడిచొచ్చింది! దాంట్లోంచి ఒకటి లేచి వెనకాళ్ల మీద నిలబడి బుస్సుమంటుంది, అది దిగగానే ఇంకోటి లేస్తుంది. పళ్లు కనిపిస్తున్నాయి. రోజూ నా చేతి మీంచి పురుగులు తిన్న ముంగిసలు అవి! అడవిలో నక్కను కూడా ఇట్లాగే తరుముతాయట. నక్కే తట్టుకోలేంది నేనెంత. వల అక్కడే పారేసి, కంచె ఎక్కి అవతలికి దూకాను. ప్యాంటు మోకాలి నుంచి పైదాకా చిరిగింది. దమ్మామ్ ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కఫీల్ నవ్వలేదు. డాక్టరును పిలిపించి మత్తు సూది వేయిద్దాం, రేపు పంపిస్తానన్నాడు.

అప్పుడు అక్క ముందుకొచ్చింది. రెండు అరచేతులూ అబాయాకు తుడుచుకుంది.

"అరబ్బీలో చెప్పు అబ్బీ. పోయినసారి పిల్లోళ్లు రోగమొచ్చి సావలేదు. నేను ఏరుపెట్టినందుకు సచ్చినాయి. ఇప్పుడు ఏరుచేస్తే ఇవీ సస్తాయి. చెప్పు."

నేను చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇన్నాళ్లూ దాచినందుకు ఆ రాత్రికే పాస్‌పోర్టు చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తాడు, కూతురి చదువు మధ్యలో ఆగిపోతుంది. మెల్లగా చెప్పక్కా, ఆగు అని గొణిగాను. ఆమె ఆగేట్టు లేదు. సరే, చెప్పాను. కానీ నాకు వచ్చినట్టు చెప్పాను. పెట్టెలు చేసింది నేను, వేరు చేసింది నేను, తప్పు నాది, విడదీస్తే చచ్చిపోతాయి అని నా గుండె మీద చెయ్యి వేసుకుని అరబ్బీలో చెప్పాను.

అక్కకు అరబ్బీ ఎక్కువ రాదు గానీ, మనిషి తన గుండె మీద చెయ్యి వేసుకుంటే అర్థం కాకపోదు. నా చెయ్యి పట్టి కిందికి లాగేసింది. తన గుండె మీద కొట్టుకుంది.

"లా. అనా."

కాదు, నేను. ఆ రెండు ముక్కలే. కఫీల్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఇన్నాళ్లూ ఎందుకు దాచారని అడిగాడు. ఖౌఫ్ అంది అక్క, అంటే భయం. దమ్మామ్ ఆయన కోరిన రెండు పిల్లల వైపు చూపించి, మరి వీటి తల్లి ఏదో చెప్పు, ఆ తల్లితోనే పంపిస్తాను అన్నాడు కఫీల్. అక్క ఒకసారి గుంపు వైపు చూసింది. పెద్దత్త, చిన్నాయన, మేనమామ, మరదలు, అన్నీ ఇంకా ముద్దగానే నిలబడి ఉన్నాయి.

"కుల్లు మామా," అంది. అన్నీ తల్లులే అని.

దమ్మామ్ ఆయనే ముందుగా గడ్డం సవరించుకుని, నా దగ్గర నాలుగింటికి చోటుంది గానీ తెగ మొత్తానికి లేదు, వదిలెయ్ అన్నాడు. కఫీల్ తలూపాడు. అతిథిని కారు దాకా సాగనంపి, తిరిగి మా దగ్గరికి నడిచి వచ్చాడు. మేమిద్దరం కదలకుండా నిలబడ్డాం, నా ప్యాంటు చిరుగును నేను చేత్తో పట్టుకుని. ఆయన అక్క ముందు ఆగాడు. మొహంలో ఏముందో నాకు అంతుబట్టలేదు. అరబ్బీలో ఒక్క మాట చెప్పి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఏమన్నాడు, ఊరికి పొమ్మన్నాడా, ఏమన్నాడు అని అక్క నా భుజం పట్టి ఊపేసింది. ఆ కంగారులో ఆమెకు ఒక్క ముక్క వినిపించినట్టు లేదు.

"అమ్మ లేచిందట. కాఫీ వెట్టమంటుండు," అన్నాను.

అక్క ఇసుకలో చతికిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, నేనూ అదే పనిలో ఉన్నాను. కాసేపటికి మొహం తుడుచుకుని, నా చెయ్యి ఆసరాగా పట్టుకుని లేచింది.

"కాఫీ పెట్టమన్న్యాడు అబ్బీ," అంది. ఇంకోసారి, నన్ను చూడకుండా, తనకు తనే చెప్పుకుంది. "కాఫీ పెట్టమన్న్యాడు." ఇసుక దులుపుకుని వంటింటి వైపు నడిచింది.